నోటిమాట ఆర్డర్లు: తహసీల్దారు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు

"సార్ చెప్పారు" అన్న మాట ఏ ఫైల్లోనూ కనబడదు. ఫైల్లో ఉండేది మీ సంతకం, దాని కింద తేదీ. పదేళ్ల తర్వాత కోర్టు అడిగినా, విచారణాధికారి అడిగినా వాటినే చూపించి అడుగుతారు. చెప్పిన సార్ అప్పటికి రిటైరై, మనవళ్లతో అమెరికాలో ఉంటారు.

నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యాను. మధ్యలో చాలాకాలం తహసీల్దారుగా చేశాను. అంటే మండల మేజిస్ట్రేటుని, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పని కూడా నాదే. ఆ కుర్చీలో ఉండగా ప్రభుత్వాలు మారాయి. అడిగే పనులు పెద్దగా మారలేదు. మా అక్క కూతురు ఈ మధ్య గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దారుగా ఎంపికైంది. ట్రైనింగులో రాజ్యాంగం మీద క్లాసులు బాగానే చెప్పారట గానీ, రాత్రి పదకొండింటికి పేషీ నుంచి ఫోనొస్తే ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదట. దానికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

"ప్రజాస్వామ్యాన్ని పక్కన పెట్టండి" అని ఏ ప్రభుత్వమూ మెమో పంపదు. మండలం దాకా వచ్చేసరికి అది చాలా చిన్న పనిలా ఉంటుంది. రేపటి ధర్నాకి వెళ్లకుండా పదిహేనుమందిని బైండోవర్ చేయండి (అంటే శాంతికి భంగం కలిగించబోమని బాండు రాయించుకోండి). ఈ ఫారం-7 కట్ట (ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీసేయమనే దరఖాస్తులు) సాయంత్రంలోపు క్లియర్ చేయండి. గ్రామసభ జరిగినట్టు తీర్మానం రాసి పంపండి. ఈ జీవో ఎవరికీ ఇవ్వకండి. చిన్న కాగితమే కదా అని సంతకం పెట్టేస్తాం. దేశమంతా అలాంటి సంతకాలు పడ్డ కాలం ఒకటుంది. దాని సంగతికి వస్తాను, అంతకన్నా ముందు ఒక మాట.

నచ్చకపోవడం వేరు, చట్టం లేకపోవడం వేరు

గెలిచిన ప్రభుత్వానికి మనకు నచ్చని పనులు చేసే హక్కు ఉంది. పథకం దండగ అనిపించవచ్చు, మద్యం పాలసీ చూసి ఒళ్లు మండవచ్చు, జిల్లాను ముక్కలు చేయడం తెలివితక్కువ పని అనిపించవచ్చు. ఫైల్లో మీ అభిప్రాయం రాయండి, లెక్కలు చూపించండి, వద్దనుకుంటే ఎందుకు వద్దో రాయండి. ఆ తర్వాత పైవాళ్లు నిర్ణయం తీసుకుంటే అమలు చేయండి. దాన్ని అడ్డుకోవడం ధైర్యం కాదు. ప్రజలు మనల్ని ఎన్నుకోలేదు, వాళ్లని ఎన్నుకున్నారు. తనకు నచ్చని పథకం ఫైలును బీరువాలో తొక్కిపెట్టి, అదేదో పోరాటమన్నట్టు చెప్పుకునే అధికారులను నేను చూశాను. వాళ్ల మీద నాకు గౌరవం లేదు.

నేను చూసుకునే గీత ఇది. ఈ కాగితం వల్ల ఎవరి ఓటైనా పోతుందా? ఎవరైనా నోరు తెరవకుండా, నలుగురూ ఒకచోట కలవకుండా ఆపుతున్నామా? ఎవరి మాటా వినకుండానే వాళ్ల మీద నిర్ణయం తీసుకుంటున్నామా? జనానికి తెలియాల్సినది దాస్తున్నామా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, రెండో ప్రశ్న వేయాలి: దీనికి అధికారం ఇస్తున్న సెక్షన్ ఏది? సెక్షన్ ఉంటే, అది చెప్పిన పద్ధతి పాటిస్తున్నామా? సెక్షన్ నంబరు చెప్పలేని ఆర్డరు దగ్గర ఆగండి.

కోర్టుల దాకా వెళ్లి నిలవని ఆర్డర్లకు మన దగ్గర కొదవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేసిన వ్యవహారం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో నంబర్ 1ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టేసింది. హైదరాబాదులో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ని 2017లో మూసేస్తే, మరుసటి ఏడాది హైకోర్టు జోక్యంతో తెరుచుకుంది. పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు. కోర్టు కొట్టేసేలోపు ఆ ఆర్డర్ల కింద నోటీసులిచ్చింది, రంగు డబ్బాల బిల్లులు పాస్ చేసింది మాత్రం మనలాంటివాళ్లే.

ఎమర్జెన్సీలో సంతకాలు ఎలా పడ్డాయి

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులకు కరెంటు పోయింది. ఆ కరెంటు తీసిన ఆర్డరు రాతలో లేదు. లెఫ్టినెంట్ గవర్నరు నోటితో చెప్పారు, విద్యుత్ సంస్థ పెద్దాయన చేయించారు. రెండేళ్ల తర్వాత ఎమర్జెన్సీ మీద విచారణకు వేసిన షా కమిషన్ పిలిచి అడిగితే చూపించడానికి కాగితం ముక్క లేదు. అదే రోజుల్లో మీసా చట్టం (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద మనుషుల్ని ముందు లోపలేసి, కారణాలు తర్వాత రాసుకుని, వెనక తేదీ వేసిన సంగతీ అక్కడే రికార్డుకెక్కింది. ఆ కాగితాల మీద సంతకాలు ఎవరివి? అదనపు జిల్లా మేజిస్ట్రేట్లవి. మీరూ నేనూ ప్రమోషన్ మీద ఆశపడే కుర్చీలవి.

ఆ కమిషన్ ముందు నలుగురు చిన్న అధికారుల ప్రస్తావన వచ్చింది. పార్లమెంటులో ప్రధాని కొడుకు సంజయ్ గాంధీ మారుతీ కంపెనీ మీద ఒక ప్రశ్న పడింది. జవాబు తయారు చేయడానికి సమాచారం సేకరించడం వాళ్ల డ్యూటీ. సేకరించారు. అందుకు వాళ్ల మీద సీబీఐ సోదాలు, కేసులు. ఎవరినీ ఎదిరించినందుకు కాదు, ప్రశ్నకు జవాబు వెతికినందుకు. ఈ సంగతి మా అక్క కూతురికి చెబితే "మరి ఇంక ఎందుకు పిన్నీ, తలొంచుకుని పోతే సరిపోదా" అంది. ఆ నలుగురి పేర్లు ఈ రోజు కమిషన్ నివేదికలో వేధింపులకు గురైనవాళ్లుగా ఉన్నాయి. మిగతా పేర్లు వేరే పేజీల్లో ఉన్నాయి. నాకైతే ఏ పేజీలో ఉండాలన్నది పెద్ద కష్టమైన లెక్కలా తోచదు. భయం లేదని కాదు, నాకూ బీపీ మాత్రలున్నాయి.

రాతలో అడగడం ఎలా

రాతపూర్వకంగా ఇవ్వమనడం ధిక్కారం కాదు. అది రూలు. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలు (1968), కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు (1964) రెండింటిలోనూ మూడో నిబంధన ఇదే చెబుతుంది: ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి, తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాతలో ఖరారు చేయడం పై అధికారి బాధ్యత, ఖరారు అడగడం కింది అధికారి బాధ్యత. రాష్ట్ర ఉద్యోగులకు మన నియమాలు వేరే ఉన్నాయి, అవీ 1964 నాటివే. ఆఫీసులో కాపీ తీసి ఒకసారి చదువుకోండి, చాలామంది రిటైరయ్యేదాకా తెరవరు. 2013 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. ఆయన మాజీ కేబినెట్ కార్యదర్శి. 83 మంది రిటైరైన అధికారులు కలిసి వేసిన కేసది. నోటిమాట ఆర్డర్ల మీద పనిచేస్తే జవాబుదారీతనం ఉండదు, సమాచార హక్కుకు అర్థం ఉండదు అన్నది కోర్టు మాటల సారం.

అడిగే తీరులో ఉంది అంతా. ఫోన్లో "రాసిస్తేనే చేస్తా" అంటే గొడవే. నేను ఫోన్లో "సరే సార్, చూస్తాను" అని మాత్రమే అనేదాన్ని. చేస్తాను అనేదాన్ని కాదు. ఫోను పెట్టేసిన పావుగంటలో మెసేజ్ పంపేదాన్ని:

"సార్, ఇప్పుడు ఫోనులో తమరు ఆదేశించిన విషయం: ఫలానా గ్రామంలో 15 మందిపై బైండోవర్ చర్య. పోలీసు రిపోర్టు ఇంకా ఈ కార్యాలయానికి అందలేదు. ఏ సెక్షన్ కింద చర్య తీసుకోవాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు. అందిన వెంటనే చట్టప్రకారం పరిశీలిస్తాను."

ఇందులో ఎక్కడా కాదనలేదు, అవుననీ అనలేదు. సగం ఆర్డర్లు ఈ మెసేజ్ దగ్గరే ఆగిపోతాయి. మర్నాడు "నేను అలా అనలేదమ్మా, ఊరికే అడిగాను" అంటారు. చాలా సంతోషం, ఊరుకోండి. వాదన పెట్టుకోవద్దు. మెసేజ్ చాలదనిపిస్తే ఇదే మాట అధికారిక ఈమెయిల్లో పంపండి, లేదా లెటరు రాసి డిస్పాచ్ రిజిస్టరులో నంబరు వేయించండి. టెలికాన్ఫరెన్సులో చెప్పిన విషయమైతే "నిన్నటి టెలికాన్ఫరెన్సు మినిట్స్ పంపగలరు" అని అడగండి. అడిగేది మినిట్సే కాబట్టి ఎవరికీ కోపం రాదు.

ఈ-ఆఫీసులో (ఫైళ్లు కంప్యూటర్లోనే నడిచే పద్ధతి) పని మరీ తేలిక. పసుపు నోటు చిత్తు, దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు. పచ్చ నోటు వేసి పంపాక ఎవరూ చెరపలేరు. అందుకే కొందరు పెద్దలు "పచ్చ నోటు వేయకు, ప్రింటు తీసి ఇంటికి పట్టుకురా" అంటారు. ఆ మాట వినగానే మీకు విషయం అర్థమైపోవాలి. "ఆదేశించిన ప్రకారం" అని మాత్రం రాయకండి. ఎవరు ఆదేశించారు, ఏ రోజు, ఏ రూపంలో అన్నవి రాయండి.

ఒక హెచ్చరిక. ఇదే నిబంధన కింద ఇంకో మాట కూడా ఉంది: మీ అధికారంలో ఉన్న పనికి కూడా పైవాళ్ల సూచనలు అడుగుతూ బాధ్యత తప్పించుకోవడం కుదరదు. కుల ధ్రువీకరణ పత్రానికీ, నీటి తీరువా రసీదుకీ రాతపూర్వక ఆదేశం అడిగితే మీరు రేపు నిజంగా అడగాల్సిన చోట ఎవరూ లెక్కచేయరు.

మరి రాతలోనే ఇచ్చేశారనుకోండి? అక్కడితో మీ బాధ్యత తీరిపోదు. పైవాడి ఆర్డరు మీద చేశానన్నది చట్టం ముందు పూర్తి రక్షణ కాదు. చట్టం తప్పనిసరి చేసిన పని చేసినవాడికి, లేదా జరిగిన సంగతి తప్పుగా తెలిసి చేసినవాడికి రక్షణ ఉంది. చట్టమే తెలియదంటే లేదు. చట్టవిరుద్ధమని తెలిసీ మనిషిని నిర్బంధించే అధికారికి పాత ఐపీసీ 220లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, ఇప్పుడు న్యాయ సంహితలో అది 258. కాబట్టి రాతలో వచ్చిన ఆర్డరు చట్టానికి ఎదురుగా ఉంటే ఒక పేజీ లేఖ రాయండి. మొదటి పేరాలో ఆర్డరు నంబరు, తేదీ. రెండో పేరాలో అడ్డొస్తున్న సెక్షన్. మూడో పేరాలో "పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను". ప్రజాస్వామ్యం, అంబేద్కర్, గాంధీ, వీళ్లెవరినీ ఆ లేఖలోకి తీసుకురావద్దు. సెక్షన్ నంబరు ఒక్కటి చాలు.

బైండోవర్: ఎక్కువమంది జారేది ఇక్కడే

కమిషనరేట్ల పరిధిలో ఈ పని పోలీసు అధికారులే చూసుకుంటారు. మిగతా చోట్ల తహసీల్దారు దగ్గరికి వస్తుంది. ఏదైనా "ఛలో" పిలుపు వచ్చిందంటే ముందురోజు సాయంత్రానికి స్టేషను నుంచి కానిస్టేబులు కట్ట పట్టుకుని వస్తాడు. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 107, 110 సెక్షన్లు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126, 129.

మొదట మనసులో పెట్టుకోవాల్సింది, ఈ పనిలో మీరు సగం జడ్జి. కలెక్టరు గానీ, ఆర్డీవో గానీ "ఫలానావాణ్ని బైండోవర్ చెయ్యి" అని రాతలో ఇచ్చినా అది మీకు ఆర్డరు కాదు. నమ్మకం కలగాల్సింది మీకు. అందుకే 130 కింద (పాతది 111) మీరు రాసే ఉత్తర్వులో అందిన సమాచారం ఏమిటో, ఎంత మొత్తానికి బాండో, ఎంతకాలానికో ఉండాలి. శాంతిభద్రతల బాండు గడువు ఏడాదికి మించకూడదు. మనిషికి ఆ ఉత్తర్వు చదివి వినిపించాలి, విచారణ జరపాలి, తన మాట చెప్పుకోనివ్వాలి, లాయరును పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వాలి. విచారణ మొదలవకుండానే మధ్యంతర బాండు అడగడం కుదరదని 1970లోనే మధు లిమయే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బాండు ఇవ్వకపోతే మనిషి జైలుకెళ్తాడు. అందుకే అచ్చు వేసిన ఫారంలో పేరు నింపి సంతకం పెట్టడం మామూలు గుమస్తా పని అనుకోవద్దు.

ఒకసారి అంగన్‌వాడీ కార్యకర్తల మీద అలాంటి కట్ట వచ్చింది. అన్ని రిపోర్టులూ ఒకటే, పేరు, తండ్రి పేరు, వయసు తప్ప అక్షరం తేడా లేదు. ఫలానా సోమవారం ఉదయం బస్టాండు దగ్గర జనాన్ని రెచ్చగొట్టారని ఉంది. సోమవారం అనగానే నాకు గ్రీవెన్స్ (జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమం) గుర్తొచ్చింది. రిజిస్టరు తెప్పించాను. ఆ కట్టలో పేరున్న ఒకావిడ అదే రోజు ఉదయం మా ఆఫీసులోనే ఉంది. వాళ్ల సెంటరు పైకప్పు కారుతోందని అర్జీ ఇచ్చి, సంతకం పెట్టి, టైమ్ కూడా రాసింది. ఆ పేజీ జిరాక్సు జతచేసి, "ప్రతి వ్యక్తి విషయంలో విడివిడిగా, ఆధారాలతో తాజా రిపోర్టు పంపగలరు" అని ఎండార్స్‌మెంట్ రాసి కట్టను తిప్పి పంపాను. ఎస్ఐ ఫోన్ చేసి "మేడం, పైనుంచి ప్రెషర్ ఉంది, కొంచెం చూడండి" అన్నాడు. చూశాను కాబట్టే పంపాను బాబూ అన్నాను. కొన్నాళ్లు అతను ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. నాకు పోయిందేమీ లేదు.

మీరూ అదే చూడండి: తేదీలు, టైములు, పాత కేసుల నంబర్లు, సంతకం చేసిన సాక్షులు. అబద్ధపు రిపోర్టు తొందరలో తయారవుతుంది కాబట్టి అందులో పని సరిగ్గా ఉండదు. మీకు దొరికే తప్పు ఏదో ఒకటి ఉంటుంది. అది దొరికితే ప్రజాస్వామ్యం మీద ఉపన్యాసం అక్కర్లేదు, రిపోర్టు లోపభూయిష్టంగా ఉందని తిప్పి పంపవచ్చు.

హౌస్ అరెస్టు అని పేపర్లలో చదువుతుంటాం. దానికి పోలీసులు చేతికిచ్చే నోటీసులో పాత 149, ఇప్పటి 168 ఉంటుంది. నేరం జరగకుండా పోలీసు అడ్డుపడవచ్చని ఆ సెక్షన్. మనిషిని ఇంట్లో పెట్టి గేటుకి కాపలా కాయమని అందులో ఎక్కడా లేదు. మిమ్మల్ని సాక్షిగా వెంట రమ్మంటే "ఏ హోదాలో రావాలి" అని రాతలో అడగండి.

144 (ఇప్పుడు 163) ఉత్తర్వుల మీద 2020 జనవరి 10 నాటి అనురాధా భసీన్ తీర్పు చదవండి. కశ్మీరు విషయంలో వచ్చింది, అందరికీ వర్తిస్తుంది. ఉత్తర్వు ప్రచురించాలి, కారణాలు ఉండాలి, అవసరానికి మించకూడదు, మామూలు అసమ్మతిని అణచడానికి వాడకూడదు. గడువు రెండు నెలలు. గడువు ముగిసిన ప్రతిసారీ తేదీ మార్చి కొత్త ఉత్తర్వు పుటప్ చేస్తుంటే, మళ్లీ ఎందుకు కావాల్సి వచ్చిందో నోట్ ఫైల్లో రాయమని సెక్షన్ వాళ్లను అడగండి. 1986 నాటి పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రతిపాదనలు కలెక్టరేటు నుంచి వచ్చినా ఇంతే. తెలంగాణలో ఆ చట్టాన్ని వాడుతున్న తీరును సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో గట్టిగా తప్పుపట్టింది. ఒక మనిషి మీద కేసులున్నాయా అన్నది ప్రశ్న కాదు, సమాజంలో పబ్లిక్ ఆర్డర్ దెబ్బతింటోందా అన్నది ప్రశ్న. మీ రిపోర్టులో ఈ రెండూ కలిపేయకండి.

ఓటర్ల జాబితా

ఇక్కడ మీకు ఒక పెద్ద అండ ఉంది, చాలామందికి తెలియదు. జాబితా పనిలో ఉన్నంతకాలం 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 13సీసీ కింద మీరు ఎన్నికల కమిషన్‌కు డెప్యుటేషన్ మీద ఉన్నట్టు లెక్క. ఎమ్మెల్యే గారి పీఏ ఫోన్ చేస్తే "సార్, ఆ ఫైలు కమిషన్ పరిధిలో ఉంది" అని చెప్పండి, నిజమే కాబట్టి. అదే చట్టం 32వ సెక్షన్ ఇంకో వైపు కూడా చూపిస్తుంది: జాబితా పనిలో సరైన కారణం లేకుండా విధి తప్పిన అధికారికి మూడు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల దాకా జైలు.

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం-7లు కుప్పలుగా వచ్చాయి. తమ పేరుతో పెట్టారని తమకే తెలియదన్నవాళ్లు ఉన్నారు, పోలీసు కేసులయ్యాయి. కట్టగా ఎవరైనా తెచ్చి బల్ల మీద పెడితే ముందు అర్జీదారుకి ఫోన్ చేయండి, పెట్టింది మీరేనా అని. అబద్ధపు డిక్లరేషన్‌కి 31వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష ఉందని మర్యాదగా చెప్పండి. కట్టలో సగం అక్కడే తగ్గుతుంది. మిగిలినవాటికి నోటీసు ఇవ్వకుండా, ఆ మనిషి మాట వినకుండా పేరు తీయకూడదు. ఒకసారి జాబితాలో ఉన్న పేరుకి విలువ ఉంటుందని, తీసే ముందు అవకాశం ఇవ్వాలని 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) "ఇంట్లో లేరు" అని రాస్తే ఏ రోజు, ఏ టైముకి వెళ్లారో, పక్కింట్లో ఎవరిని అడిగారో రాయించండి. కూలికి వలస వెళ్లినవాళ్లు మధ్యాహ్నం పూట ఇంట్లో దొరకరు. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో పనిచేసేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

గ్రామసభ గురించి ఎక్కువ రాయను. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభలో సగం మంది హాజరు ఉండాలి, హాజరైనవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. హాజరు పట్టీలో వేలిముద్రలన్నీ ఒకే సిరా, ఒకే బొటనవేలులా కనిపిస్తే కౌంటర్ సంతకం పెట్టకండి. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాలకు కాదన్నాయంటే, అక్కడ సభలు నిజంగా జరిగాయి కాబట్టి, జడ్జి సమక్షంలో జరిగాయి కాబట్టి.

జీవోలు దాచమన్నప్పుడు సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ తెరవండి. నిర్ణయం వల్ల ఎవరికి నష్టమో వాళ్లకు కారణాలు చెప్పాలని 4(1)(డి)లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, మళ్లీ మొదలయ్యేసరికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ మండలంలో సమాచార అధికారులుగా ఉన్నవాళ్లు అడిగినవాళ్లకు కాపీ ఇవ్వవచ్చు, చట్టం ఆగిపోలేదు. ఇచ్చినవాళ్లు ఇచ్చారు.

తర్వాత ఏమవుతుంది

బదిలీ అవుతుంది. ఇది ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. లూప్‌లైన్ (ప్రాధాన్యం లేని) పోస్టు, లేదా పోస్టింగు లేకుండా కొన్నాళ్లు వెయిటింగు. సస్పెన్షన్ అరుదు గానీ ఉంటుంది, అప్పుడు సగం జీతం స్థాయిలో జీవనభృతి వస్తుంది. ఛార్జి మెమో ఇవ్వకుండా మూడు నెలలు దాటి సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు కాపీ దగ్గర పెట్టుకోండి. విచారణ లేకుండా ఉద్యోగంలోంచి తీయడానికి మామూలుగా 311వ అధికరణ ఒప్పుకోదు. ఒకప్పుడు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ హైకోర్టుకే వెళ్లాలి, ఖర్చు ఎక్కువ. అందుకే ఉద్యోగంలో చేరగానే ఫ్లాటు లోను, కారు లోను రెండూ ఒకేసారి ఎత్తుకోవద్దని మా పిల్లకు చెప్పాను. ఈఎంఐ భయంతో పెట్టిన సంతకాలు నేను చూసినవి తక్కువేం కాదు.

ఫేసుబుక్కులో రాయకండి, విలేకరికి ఫైలు ఫొటో పంపకండి. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం ప్రవర్తనా నియమాలకు విరుద్ధం. అప్పటిదాకా తప్పు వాళ్లది, ఫొటో బయటికొచ్చిన క్షణం నుంచి తప్పు మీది అయిపోతుంది. అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చట్టం చేశారు గానీ అమల్లోకి తేలేదు. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు బయటపెట్టవద్దని కోరుతూ ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు, 2003 నవంబరులో గయలో ఆయన్ను చంపేశారు. ఆ తర్వాత కేంద్రంలో విజిలెన్స్ కమిషన్‌కు పేరు దాచి ఫిర్యాదు పంపే పద్ధతి వచ్చింది, అది కేంద్ర సంస్థల వరకే. కాబట్టి ఒంటరిగా వీరత్వానికి పోవద్దు. అసోసియేషన్ పెద్దలకు చెప్పండి, నమ్మదగిన సీనియర్‌కి చెప్పండి. ఒకే ఆర్డరు పది మండలాలకు వస్తే పది మంది తహసీల్దార్లూ ఒకే రకం వివరణ కోరుతూ రాయవచ్చు. పదిమందినీ ఒకేసారి బదిలీ చేయడం ఏ కలెక్టరుకైనా కష్టమే.

రాజీనామా? 2019లో కశ్మీరు విషయంలో కణ్ణన్ గోపీనాథన్ ఐఏఎస్‌కు రాజీనామా చేశారు. అలాంటివాళ్లను తప్పుపట్టను. కానీ తహసీల్దారు రాజీనామా చేస్తే ఆ కుర్చీలో మర్నాడు సంతకం పెట్టేవాడు కూర్చుంటాడు, పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు కూడా రావు. నాకు నచ్చిన దారి ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారిది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, చాలామంది అధికారులకు అది పుస్తకంలో ఉన్న చట్టం. ఆయన దాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లి అమలు చేయించారు. ఉన్న చట్టాన్ని పూర్తిగా అమలు చేయడమే కొన్నిసార్లు పెద్ద ఎదురుతిరగడం. రిటైరయ్యాక ఇంకో దారి తెరుచుకుంటుంది: విశాఖపట్నంలో ఉండే ఈఏఎస్ శర్మ గారు కేంద్రంలో కార్యదర్శిగా చేసి, తర్వాత సల్వా జుడుం (ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) మీద సుప్రీంకోర్టులో పిటిషనర్లలో ఒకరయ్యారు, 2011లో కోర్టు దాన్ని చట్టవిరుద్ధమంది.

రోజువారీ జాగ్రత్తలు

డిజిటల్ సంతకం డాంగిల్ కంప్యూటర్ ఆపరేటరు దగ్గర వదలకండి. బిజీగా ఉన్నామని పిన్ కూడా చెప్పేస్తారు కొందరు. మీరు కాదన్న పని మీ పేరుతోనే రాత్రికి రాత్రి అయిపోతుంది.

మీ కింద వీఆర్వోలు, ఆర్ఐలు, ఔట్‌సోర్సింగు పిల్లలు ఉంటారు. మీకు వచ్చిన నోటిమాటను అలాగే వాళ్ల మీదికి తోయకండి. పదిహేను వేల జీతం వాడు ఎవరిని రాతలో అడగగలడు? మీరు ఆపలేని ఆర్డరైతే కనీసం మీ సంతకంతో మెమో ఇవ్వండి.

ఫైళ్ల కాపీలు ఇంటికి పట్టుకెళ్లవద్దు, అదే మీ మీద ఛార్జి అవుతుంది. కావాల్సినప్పుడు సమాచార హక్కు కింద తీసుకోవచ్చు, నోట్ ఫైలు కూడా ఇస్తారు. మీ దగ్గర ఒక డైరీ పెట్టుకోండి: తేదీ, టైము, ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, మీరేమన్నారు. అభిప్రాయాలు, తిట్లు రాయకండి. డైరీ ఎప్పుడైనా కోర్టుకి వెళ్తే అవి బాగుండవు.

బదిలీ ఆర్డరు రాత్రి వచ్చి, తెల్లారేసరికి రిలీవ్ కమ్మంటారు. అప్పుడు హడావుడిగా ఛార్జి ఇచ్చి వెళ్లకండి. ఛార్జి లిస్టులో వివాదం ఉన్న ప్రతి ఫైలుకీ నంబరు, చివరి పేజీ నంబరు, ఆ రోజుకి ఏ దశలో ఉందో రాయండి: "బైండోవర్ ప్రతిపాదనలు, రిపోర్టు లోపాలతో పోలీసుకు తిప్పి పంపడమైనది, తాజా రిపోర్టు అందలేదు" అని. వచ్చినావిడ చేత, లేదా ఆయన చేత సంతకం తీసుకోండి. రెండు కాపీలు, ఒకటి మీ దగ్గర.